మనసెరిగిన తోట

పాఠ్యభాగ పరిచయం

ప్రకృతికీ మానవునికీ గల అనుబంధం భారతీయ సాహిత్యంలో అడుగడుగునా దర్శనమిస్తుంది. ఆ ప్రకృతిని ఇంటి ముంగిటికి తెచ్చుకొనే ప్రయత్నమే తోట. తోటను ఏ రీతిలో తీర్చుకోవాలన్న ప్రశ్నకు సమాధానాన్ని ముందుగా పెంచేవారి స్వభావంలో వెదకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్వభావంతోపాటు నేలను, నీటిని, కుటుంబాన్ని కూడా విచారించవలసిన అవసరాన్ని వివరిస్తుంది.

పాఠ్యభాగం

‘పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి’ అని పెద్దలమాట. తిండిలోను, కట్టుబొట్టులలోను ఈ రుచిభేదాన్ని అందరూ అంగీకరిస్తారు. తోట విషయంలో మాత్రం చాలామంది దానిని మరచిపోతారు. కొత్తగా ఇల్లు కట్టుకొన్న గృహస్థు పొరుగింటి ముందున్న పచ్చికను చూసి ముచ్చటపడి, తన ముంగిట కూడా అటువంటి పచ్చికనే పరిపిస్తాడు. దానిని తరచుగా కత్తిరించే ఓపిక, కలుపు ఏరే తీరిక, వేసవిలో తడపడానికి చాలినంత నీరు తనకు ఉన్నాయో లేవో ఆలోచించడు. రెండు వేసవులు గడిచేసరికి పచ్చిక ఎండి, దాని స్థానంలో తుంగ మొలుస్తుంది. అప్పుడాయన నేలను నిందిస్తాడు, తోటమాలిని నిందిస్తాడు. పొరుగింటి పుల్లకూర రుచి అనిపించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. తనకు ఏది తగునో విచారించుకోకుండా నాటిన తోట ఎంత ఖరీదైనదైనా ఎంతో కాలం నిలువదు.

పేరులోని భేదం

తోట యజమానిని అనుసరించి ఉంటుందన్న భావన కొత్తది కాదు. అమరసింహుడు ‘నామలింగానుశాసనం’లోని వనౌషధివర్గంలో తోటలకు వేర్వేరు పేర్లు చెప్పాడు. మనుషులు ప్రయత్నపూర్వకంగా పెంచిన వనం ఆరామం. దానికే ఉపవనమని పేరు. ఇంటిని ఆనుకొని ఉన్నది నిష్కుటం. మంత్రుల ఇళ్లలోను, గణికల ఇళ్లలోను ఉండేది వృక్షవాటిక. రాజు ఇతరులతో కలిసి విహరించేది ఆక్రీడం, అదే ఉద్యానం. అంతఃపురానికి ఉచితమైనది ప్రమదవనం. ఈ పేర్లలో ఏ ఒక్కటీ మొక్కలనుబట్టి ఏర్పడలేదు. తోట ఎవరిది, ఎక్కడిది, ఎందుకు అన్న విషయాలనుబట్టే ఏర్పడింది. తెలుగువారి వాడుకలో కూడా ఈ వివేకం ఉంది. ఇంటి వెనుక ఉంటే పెరడు. మామిడిచెట్లు గుంపుగా ఉంటే తోపు. పూలకోసం పెంచితే పూలతోట. మాట మారితే దానిలో అడుగుపెట్టే మనిషి తీరు కూడా మారుతుంది.

కావ్యాలు చెప్పిన సత్యం

కవులు తోటలను వర్ణించిన సందర్భాలు అనేకం. వాటిలో కొన్ని ఈ విషయానికి చక్కని నిదర్శనాలు. రామాయణంలోని సుందరకాండలో అశోకవనం అపురూపమైన సౌందర్యంతో కనిపిస్తుంది. బంగారు కాంతులీనే చెట్లు, మణులు పొదిగిన మెట్లుగల దిగుడుబావులు అక్కడ ఉన్నాయి. అయినా శింశుపావృక్షం కింద కూర్చున్న సీతకు ఆ వనంలోని ఒక్క పూవు కూడా ఊరట కలిగించలేదు. అది రావణుని వైభవానికి తగిన తోట. సీత మనసుకు తగినది కాదు.

దానికి పూర్తిగా భిన్నమైనది కాళిదాసు ‘అభిజ్ఞానశాకుంతలం’లోని ఆశ్రమవాటిక. అక్కడ మణులు లేవు, క్రీడాపర్వతాలు లేవు. శకుంతల చెలికత్తెలతో కలిసి తానే నీళ్లు మోసి మొక్కలను తడుపుతుంది. ఒక నవమాలికకు ‘వనజ్యోత్స్న’ అని పేరు పెట్టి తోబుట్టువువలె చూసుకొంటుంది. మొక్కలకు నీరు పోయనిదే తాను నీరు త్రాగదనీ, అలంకారమంటే ఇష్టమున్నా వాటి చిగురు తుంచదనీ కణ్వమహర్షి చెబుతాడు. అత్తవారింటికి బయలుదేరేటప్పుడు ఆమె ఆ లతకు కూడా వీడ్కోలు పలుకుతుంది. శకుంతల సౌకుమార్యం, వాత్సల్యం ఆ తోటలో ప్రతిఫలించాయి.

పదహారవ శతాబ్దికి చెందిన నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ పట్టుదల సంగతి అందరికీ తెలిసినదే. రుక్మిణికి ఒక్క పూవు దక్కిందన్న వార్త విని ఆమె అలిగింది. ఆ అలక తీర్చడానికి శ్రీకృష్ణుడు స్వర్గం నుండి చెట్టునే తెచ్చి ఆమె పెరటిలో నాటించవలసివచ్చింది. జానపదులు ఈ కథను ఇంకొక అడుగు ముందుకు నడిపించారు. చెట్టు సత్యభామ పెరటిలోనే ఉన్నా, పూలు మాత్రం రుక్మిణి ముంగిట రాలేవట! పోటీకోసం నాటిన చెట్టు నీడనిస్తుందేమోగాని, తృప్తిని ఇవ్వదన్న లోకజ్ఞత ఈ చమత్కారంలో దాగి ఉంది.

లోకంలోని ఉద్యానరీతులు

ప్రపంచంలో ప్రసిద్ధికెక్కిన తోటలను పరిశీలించినా ప్రతి దాని వెనుక ఒక మనస్తత్వం కనిపిస్తుంది. 1526లో పానిపట్టు యుద్ధంలో గెలిచి ఆగ్రా చేరిన బాబరుకు ఈ దేశంలో పారే కాలువలు లేకపోవడం పెద్ద కొరతగా తోచింది. యమునకు ఆవలి గట్టున తోటకోసం చూసిన నేల అతనికి నచ్చలేదు. అయినా అక్కడే బావి త్రవ్వించి, కొలతలు తప్పని మళ్లతో తోట వేయించాడు. నీటికాలువలతో నాలుగు భాగాలుగా విభజించే ఈ పద్ధతికి ‘చార్‌బాగ్’ అని పేరు. తరువాతి కాలంలో హుమాయూన్ సమాధి, 1619లో జహంగీరు ప్రారంభించిన శ్రీనగర్ షాలిమార్ తోట ఈ పద్ధతిలోనే రూపొందాయి. సొంతగడ్డకు దూరమైన మనిషి, తనకు తెలిసిన క్రమాన్ని తెలియని నేలమీద నెలకొల్పుకోవడం బాబరు తోటలో గమనింపదగిన విశేషం.

ఫ్రాన్సులో పద్నాలుగవ లూయీ చక్రవర్తికోసం ఆంద్రే ల నోత్రు 1661 నుండి తీర్చిదిద్దిన వెర్సాయ్ ఉద్యానం అధికారానికి ప్రతిరూపం. చెట్లు గోడలవలె కత్తిరింపబడి, బాటలు గీత గీసినట్లు సాగుతాయి. ఇంత వైభవానికీ నీరు చాలలేదు. ఫౌంటెన్లన్నీ ఒకేసారి చిమ్మే అవకాశం లేక, రాజు దగ్గరకు రాగానే తిప్పి, ఆయన దాటిపోగానే కట్టివేసేవారు. చక్రవర్తి సంకల్పానికి కూడా నేల, నీరు హద్దులు విధిస్తాయనడానికి ఇది నిదర్శనం.

జపానులోని క్యోటో నగరంలో ర్యోఆన్‌జీ అనే ఆలయంలో ఉన్న తోట మరొక రకం. తెల్లని కంకర పరచిన దీర్ఘచతురస్రంలో 15 రాళ్లు ఉంటాయి. రాళ్ల మొదళ్లలోని నాచు తప్ప పచ్చదనం లేదు. వరండాలో ఏ చోట కూర్చుని చూసినా కనీసం ఒక రాయి కనబడకుండా దాగి ఉంటుంది. మౌనాన్ని కోరుకొనేవారికి ఇంతకంటె పెద్ద తోట అవసరం లేదు.

చిత్రకారుడు క్లాడ్ మోనే 1883లో ఫ్రాన్సులోని జివెర్నీ గ్రామంలో స్థిరపడి, రంగులను కలబోసినట్లు పూలమొక్కలు పెంచాడు. తరువాత కొలను త్రవ్వించి కలువలు నాటాడు. జీవిత చరమదశ వరకు ఆ కలువలనే చిత్రిస్తూ గడిపాడు. ఆయనకు తోట విశ్రాంతిస్థలం కాదు, పనిచేసే చోటు.

భారతదేశంలో నేక్‌చంద్ కథ ఆశ్చర్యకరమైనది. దేశవిభజన కాలంలో స్వగ్రామాన్ని వదలివచ్చిన ఆయన చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. సరళరేఖలతో నిర్మితమవుతున్న ఆ కొత్త నగరంలో, 1957 ప్రాంతంలో అడవి మాటున రహస్యంగా తన లోకాన్ని నిర్మించుకోవడం ప్రారంభించాడు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, నగరంకోసం పడగొట్టిన గ్రామాల శిథిలాలు, ఏటి ఒడ్డు రాళ్లు ఆయనకు సామగ్రి. అధికారుల దృష్టిలో పడిన తరువాత అది ధ్వంసం కాకుండా నిలిచి, 1976లో ప్రజల సందర్శనకు తెరువబడింది. 1984లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. పారవేసిన వస్తువును చూసి జాలిపడే మనిషి మాత్రమే అటువంటి తోటను ఊహించగలడు.

స్వభావానికి తగిన తోట

సామాన్య గృహస్థుకు చక్రవర్తుల సంపద లేకున్నా, స్వభావం మాత్రం ఉంటుంది. దానినిబట్టి తోటలను స్థూలంగా నాలుగు విధాలుగా చెప్పుకోవచ్చు.

మొదటివారు క్రమప్రియులు. పుస్తకాల వరుస చెదిరినా వీరి మనసు నిలువదు. ఇటుకలతో అంచులు కట్టిన మళ్లు, సమాన దూరంలో నాటిన బంతి, చేమంతి, అంచున కత్తిరించిన గోరింట కంచె వీరికి సంతోషమిస్తాయి. కత్తెర పట్టడమే వీరికి విశ్రాంతి. అయితే వానాకాలంలో మొక్క తన ఇష్టప్రకారం పెరుగుతుంది. దానిని చూసి విసుగుచెందని ఓర్పు వీరు అలవరచుకోవాలి.

రెండవవారు స్వేచ్ఛాప్రియులు. వీరి తోటలో విరజాజి పందిరి మీదికి, శంఖపుష్పం కంచె మీదికి అల్లుకొంటాయి. బిళ్ళగన్నేరు, చంద్రకాంత రాలిన గింజలతో తామే మొలుస్తాయి. నిమ్మ, కరివేపాకు ఆకులను తినే గొంగళిపురుగును చూసి క్రమప్రియుడు మందు కొట్టబోతాడు. స్వేచ్ఛాప్రియుడు అది సీతాకోకచిలుకగా మారే రోజుకోసం ఎదురుచూస్తాడు. కాని స్వేచ్ఛకూ నిర్లక్ష్యానికీ మధ్య గీత సన్నది. బలమైన తీగను అదుపుచేయకపోతే పక్కనున్న లేతమొక్క నలిగిపోతుంది.

మూడవవారు ప్రశాంతిప్రియులు. పదిరకాల పూలకంటె ఒక నందివర్ధనం, ఒక పారిజాతం, కూర్చోవడానికి ఒక రాతిబల్ల, ఒక తొట్టిలో కలువ వీరికి చాలు. పారిజాతం రాత్రి విరిసి తెల్లవారేసరికి రాలుతుంది. వేకువన లేచేవారికే ఆ సంపద దక్కుతుంది. తొట్టి నీటిలో దోమలు పెరుగకుండా చిన్న చేపలను వదలడం మరువరాదు.

నాలుగవవారు ప్రయోజనప్రియులు. మొక్క నాటగానే ‘ఏం కాస్తుంది?’ అన్న ప్రశ్న వీరిది. బీర, చిక్కుడు పాదులు, మునగ, అరటి, కరివేపాకు, ఆకుకూరల మళ్లు వీరి పెరడును నింపుతాయి. తోటకూర నెల రోజులలో కోతకు వస్తుంది. అంటుమామిడి కాపుకు మూడు నాలుగు సంవత్సరాలు పడుతుంది. ఫలం ఎంత త్వరగా కావాలో ముందే నిశ్చయించుకొంటే నిరాశ ఉండదు.

ఈ నాలుగు గుణాలలో ఒక్కదానితోనే ఏ మనిషీ ఉండడు. తనలో ఏది ప్రధానమో తెలుసుకోవడానికి ఇష్టమైన పూలపేర్లు చెప్పుకోవడం చాలదు. ఉదయం దొరికిన అరగంట తీరికలో పనిచేయాలనిపిస్తుందా, కూర్చోవాలనిపిస్తుందా? అనుకోని చోట మొలిచిన మొక్కను చూస్తే పీకాలనిపిస్తుందా, ఏమిటో చూడాలనిపిస్తుందా? నాటిన మొక్క చనిపోతే మళ్లీ నాటే ధైర్యం ఉందా? ఈ ప్రశ్నలకు నిజాయితీతో ఇచ్చుకొనే సమాధానాలే తోటకు పునాది. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్న సామెత దైవం మీది విశ్వాసంతో పుట్టింది. తోటలో మాత్రం నారు పోసినవాడే నీరు కూడా పోయాలి.

నేల మాట, ఇంటివారి మాట

మనసు ఒప్పుకొన్న తోటకు నేల కూడా ఒప్పుకోవాలి. గులాబికి, కూరగాయలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఎండ సోకని వసారాలో వాటిని ఉంచి పూయలేదని బాధపడడం అవివేకం. వర్షాభావానికి పేరుపడిన అనంతపురం వంటి ప్రాంతంలో విశాలమైన పచ్చిక పెంచడం అంటే తాగునీటితో పోటీపడడమే. అటువంటిచోట కలబంద, ఎడారిగులాబి, కాగితపుపూలు, వేప తక్కువ నీటితోనే నిలుస్తాయి. రాజమహేంద్రవరం సమీపంలోని కడియం నర్సరీలలో కళకళలాడే మొక్క గోదావరి కాలువల గాలికి అలవాటుపడి ఉంటుంది. దానిని మెట్టప్రాంతానికి తీసుకువెళ్లేవారు తమ మట్టిని, తమ నీటిని ముందుగా తలచుకోవాలి. పట్టణాలలో పెరడులు కరువైన కారణంగా మిద్దెతోటలు ఆదరణ పొందుతున్నాయి. కప్పు ఎంత బరువు మోయగలదో, నీరు ఎటు పోతుందో తెలుసుకొన్న తరువాతనే అక్కడ మట్టి ఎత్తాలి.

నేల తరువాత ఇంటివారు. పూజకు పూలు కావాలని నాయనమ్మ, కూరకు కరివేపాకు కావాలని తల్లి, ఆడుకోవడానికి చోటు కావాలని పిల్లలు కోరుతారు. పాకే వయసు పిల్లలున్న ఇంట విషపూరితమైన గన్నేరు ఎంత అందమైనదైనా తగదు. ఒక్కరి అభిరుచి ఇల్లంతటినీ శాసించినచోట మొక్క మీద మిగిలినవారికి మమకారం పుట్టదు. దాని ఫలితం ఒక తరం తరువాత కనిపిస్తుంది. తాత నాటిన వేపచెట్టు ఆకులు ఊడ్చలేమని ఒకరు, కారు నిలుపడానికి అడ్డమని మరొకరు గొడ్డలి తెప్పిస్తారు. నలభై ఏళ్లు నీడనిచ్చిన చెట్టు ఒక్క పూటలో నేలకూలుతుంది. ఆ చెట్టు నాటిన రోజున ఇంటిల్లిపాదికీ అందులో భాగం ఉండి ఉంటే, గొడ్డలి అంత సులభంగా గుమ్మంలోకి వచ్చేది కాదు.

ఇతరుల అవసరాన్ని తన అభిరుచితో కలుపుకొన్న తోటకు మంచి ఉదాహరణ రాష్ట్రపతి భవన్‌లో ఉంది. లుట్యెన్స్ రూపకల్పన చేసిన అక్కడి ప్రధానోద్యానం 2023 నుండి ‘అమృత్ ఉద్యాన్’ అని పిలువబడుతున్నది. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం రాష్ట్రపతిగా ఉన్న కాలంలో (2002–2007) దాని సరసన మూలికావనం వెలసింది. చూపులేనివారు తాకి, వాసన చూసి మొక్కలను గుర్తించేందుకు వీలైన స్పర్శోద్యానం కూడా వెలసింది. శాస్త్రజ్ఞుని కుతూహలం, ఉపాధ్యాయుని వాత్సల్యం ఆ తోటలలో కలిసి ఉన్నాయి.

స్వభావాన్ని దిద్దే తోట

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. తోట ఎల్లప్పుడూ యజమాని స్వభావాన్నే అనుసరిస్తే, అతనిలోని లోపాలను కూడా పెంచుతుంది కదా! తొందరపాటు గలవాడు నెలకొక పంట వచ్చే మొక్కలనే నాటుతూపోతే అతనికి నిరీక్షణ ఎన్నడు అలవడుతుంది? అందువల్ల తోటలో అధికభాగం స్వభావానికి అనుకూలంగా ఉన్నా, ఒక మూల మాత్రం దానికి ఎదురీదాలి. తొందరపాటువాడు ఒక ఉసిరిమొక్క నాటి దాని కాపుకోసం ఎదురుచూడాలి. అతిక్రమప్రియుడు ఒక మడిని కత్తెరకు అందకుండా వదలాలి. సోమరి రోజూ నీరు కోరే తులసిని పెంచాలి. లెక్కలు చూసే ప్రయోజనప్రియుడు కాయ కాయని, కూరకు రాని ఒక పూలమొక్కకు చోటివ్వాలి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న మాట మొక్కకే కాక, దానిని పెంచే చేతికి కూడా వర్తిస్తుంది. యౌవనంలో పెట్టిన ఈ అలవాటు వయసుతోపాటు వేళ్లూనుకొంటుంది.

‘పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు’ అని ఒక నానుడి ఉంది. చేతికందే దానిని మనిషి చులకనగా చూస్తాడన్నది దాని అంతరార్థం. వసతిగృహంలో ఉంటూ చదువుకొనే విద్యార్థికి పెరడు ఉండకపోవచ్చు. కిటికీ గట్టు, ఒక పాత డబ్బా, పిడికెడు పెరటిమట్టి, నాలుగు మెంతిగింజలు ఉంటే చాలు. వాటికి నీరు పోయడం మరచిన రోజున తన గుణం అతనికి తెలుస్తుంది. గుర్తుంచుకొని పోసిన రోజున ఆ గుణం కొద్దిగా మారడం మొదలవుతుంది.

అర్థాలు

నిష్కుటం : ఇంటిని ఆనుకొన్న తోట
ఆక్రీడం : రాజుల విహారవనం
ప్రమదవనం : అంతఃపురస్త్రీల తోట
నవమాలిక : విరజాజి వంటి పూలతీగ
సౌకుమార్యం : సున్నితత్వం
లోకజ్ఞత : లోకపు తీరు ఎరిగి ఉండడం
నిరీక్షణ : ఎదురుచూడడం
అంతరార్థం : లోపలి భావం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. తోట యజమాని స్వభావానికి అద్దం పడుతుందని నిరూపించే కావ్యసందర్భాలను వివరించండి.
2. స్వభావాన్ని అనుసరించి తోటలు ఎన్ని విధాలు? వాటి గుణదోషాలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. నేక్‌చంద్ నిర్మించిన తోట విశిష్టత ఏమిటి?
2. తోటలో ఒక మూల స్వభావానికి ఎదురీదాలని ఎందుకు చెప్పబడింది?
3. మొక్కను ఎంచుకొనేముందు నేలనూ నీటినీ ఎందుకు విచారించాలి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘వనజ్యోత్స్న’ అని పేరు పెట్టింది ఎవరు?
2. ర్యోఆన్‌జీ తోటలో ఎన్ని రాళ్లు ఉన్నాయి?
3. ‘చార్‌బాగ్’ అంటే ఏమిటి?

ఈ) మీ ఇంట లేదా మీ కళాశాలలో ఉన్న ఒక చెట్టును ఎవరు, ఎందుకు నాటారో పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.